ఇరవై తెల్ల గౌన్లు, ఒక పంటి ముక్క

పోయిన వారం ఉదయం ఇడ్లీ తింటూ ఉండగా ముందు పంటి తొడుగు ఊడి చేతిలోకి వచ్చింది. ఇడ్లీకి ఊడిందంటే దాని కాలం తీరిందనే అనుకోవాలి. నొప్పి లేదు కానీ, నాలుక వెళ్లి లోపలి మొండి అంచును తాకగానే ఒళ్లు చల్లబడింది. ముప్పై ఏళ్ల పైమాటగా ఆ అంచు తొడుగు కింద ఉంది, అయినా నాలుక దాన్ని వెంటనే గుర్తుపట్టింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న పళ్ల డాక్టరమ్మ, నా కూతురి వయసుది, ఒక కాగితం ఇచ్చి నింపమంది. ఈ పన్ను ఎలా విరిగింది అన్న ప్రశ్న దగ్గర, బస్సు మెట్టు మీద పడి, అని రాశాను. ఇన్నేళ్లూ అందరికీ చెప్పింది అదే. మా ఆయనకూ అదే చెప్పాను, పిల్లలకూ అదే చెప్పాను. నిజం తెలిసిన మనిషి నేను కాక ఒక్కతే ఉండేది, మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. ఆమె పోయి రెండు నెలలైంది. కాగితం తిరిగి ఇస్తున్నప్పుడు తట్టింది, ఇక నేను కూడా ఈ అబద్ధమే రాసుకుంటూ పోతే ఆ రోజు అక్క చేసింది ఎక్కడా మిగలదని. అందుకని రాస్తున్నాను.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. మాది కదిరి వైపు. రెండేళ్లు వరసగా వేరుశెనగ చేతికి రాక ఇంటర్ తరువాత నా చదువు ఆగిపోయినప్పుడు, అప్పటికే బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో ఉన్న అక్క వచ్చి, నా పూచీ మీద పనిలో పెట్టిస్తానని మా నాయనకు చెప్పి నన్ను తీసుకుపోయింది. మడివాళ మార్కెట్ వెనక మేడ మీద ఒక గదిలో నలుగురం ఉండేవాళ్లం. తెల్లారేసరికి కింద కొత్తిమీర కట్టలు విప్పే వాసన, ముందు రోజు కుళ్లిపోయిన పూల వాసన కలిసి పైకి వచ్చేవి. సరుకులు కట్టి ఇచ్చిన కాగితాలు ఏ భాషవైనా నేను విప్పి చదివేదాన్ని, సగం కథ దొరికితే మిగతా సగం ఏమై ఉంటుందా అని బస్సులో ఆలోచించేదాన్ని. నీకు కందిపప్పు మీద కన్నా పొట్లం మీదే ఆశ ఎక్కువని అక్క ఎగతాళి చేసేది. బొమ్మసంద్ర దాకా బస్సు, దిగాక పావుగంట నడక, ఎనిమిదిన్నరకు గేటు మూసేవారు.

మేము కుట్టేవి చంటిపిల్లల గౌన్లు, తెల్లటి మెత్తటి నూలువి, ఏదో చల్లని దేశానికి వెళ్లేవి. ఒక గౌను ఒకరే కుట్టరు. ఒకరు భుజం కలిపితే ఒకరు చెయ్యి ఎక్కిస్తారు. నాది మెడ చుట్టూ సన్నని పట్టీ మడిచి కుట్టే పని. ఇరవై గౌన్లు ఒక కట్టగా నా దగ్గరికి వచ్చేవి, అయిపోగానే ఎవరో వచ్చి ఎత్తుకుపోయేవారు. వరస చివర పెద్ద ట్యూబ్‌లైటు కింద బల్ల దగ్గర అక్క నిలబడి ప్రతి గౌనూ తిరగేసి చూసేది. ఆమె చూసి పంపితే ఇస్త్రీకి, అక్కణ్ణుంచి పెట్టెలోకి. ఆ ఉగాదికి మా వరస సూపర్‌వైజరు ఇంకో వరసకు మారతాడని, ఆ పని అక్కకే వస్తుందని అందరూ అనుకునేవారు. అక్క పైకి ఏమీ అనేది కాదు గానీ, ఆ రోజుల్లో కాటన్ చీరలకు గంజి పెట్టి కట్టుకొచ్చేది.

అక్కడ అన్నిటికంటే కఠినమైన నియమం సూదిది. సూది విరిగితే వరస ఆగిపోవాలి. విరిగిన ముక్కలన్నీ వెతికి తెచ్చి, ఒక పుస్తకంలో టేపుతో అంటించి, అవి కలిస్తే నిండు సూది అవుతుందని చూపిస్తేనే కొత్త సూది చేతికి ఇచ్చేవారు. మొన దొరక్కపోతే ఆ కట్ట మొత్తాన్ని ఇనుమును పసిగట్టే యంత్రంలో వేసేవారు. చంటిపిల్ల ఒంటి మీద వేసే బట్ట కదా. మొదట్లో ఇంత చాదస్తమా అనిపించింది. రెండు మూడు నెలలకు నాకూ ఆ భయం ఒంటపట్టింది.

రెండో నియమం, దారం పంటితో తెంపకూడదు. ప్రతి మిషనుకూ తాడుతో ఒక చిన్న కటర్ కట్టి ఉండేది. ఇంట్లో మిషను కుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు, రెండు చేతుల్లో బట్ట ఉన్నప్పుడు కత్తెర కోసం ఎవరూ వెతకరు, తల వంచి కొరికేస్తారు. అక్క నాకు కుట్టు నేర్పింది అలాగే. అలా కొరికి కొరికి నా ముందు పంటి అంచున అప్పటికే సన్నటి గాటు పడి ఉంది. అంతకు ముందు నెలలో గుండీల దగ్గర పనిచేసే ఆమె పంటితో తెంపుతూ దొరికిపోతే ఆ మధ్యాహ్నమే గేటు బయటికి పంపేశారు.

ఆ రోజు ఉదయమే నా కటర్ స్ప్రింగు పోయింది. లేచి వెళ్లి మార్చమని అడగాలి. అడిగితే పది నిమిషాలు, ఆ పది నిమిషాల పని మళ్లీ పూడ్చుకోవాలి. కట్టలో చివరి నాలుగైదు గౌన్లే కదా అని, సూపర్‌వైజరు అటు తిరిగి ఉన్నప్పుడల్లా తల వంచి కొరుకుతూ పోయాను. ఎన్నో గౌను దగ్గరో తెలియదు, నోట్లో చిన్న చప్పుడు వినిపించింది. దారం గట్టిగా ఉందనుకున్నాను. కట్ట ముగించి పక్కన పెట్టాను. దాన్ని తీసుకుపోయారు. తరువాత నాలుక ఎందుకో ముందుకు వెళితే అక్కడ పంటి అంచు లేదు. సగం బియ్యపు గింజంత మేర ఖాళీ, వాడిగా, నాలుక గీరుకునేటట్టు.

ఒడిలో చూశాను. మిషను పళ్లెం మీద చేత్తో తడిమాను. దారపు చుట్ట పడినట్టు వంగి నేలంతా చూశాను. లేదు. మింగి ఉండవచ్చు. కాకపోతే తెల్లటి బట్ట మీద తెల్లటి ముక్క పడి, నేను మడిచిన పట్టీలోనే, మెడ దగ్గరే చిక్కి ఉండవచ్చు. సూది మొన అయితే యంత్రమైనా పట్టుకుంటుంది. పంటిని ఏ యంత్రం పట్టుకుంటుంది? ఈ మాట నేను లేచి గట్టిగా చెప్పవలసింది. చెప్పలేదు. గుండీల ఆమె గేటు దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడిన తీరు కళ్ల ముందు ఉంది. ఇంకో కట్ట వచ్చింది, కుట్టాను. పన్ను విరిగిన చోట ఫ్యాను గాలి తగిలినా జివ్వుమంటున్నా నోరు మూసుకుని రెండు గంటల పాటు కుట్టాను. ముఖం తెలియని ఒక చంటిపిల్ల మెడ మాత్రం కనిపిస్తూనే ఉంది.

భోజనాల గంట కొట్టాక కుళాయిల దగ్గర అక్కను పక్కకు లాగి చెప్పాను.

"నోరు తెరువు," అంది. చూసింది. "ఎప్పుడు?"

"పదకొండింటికి."

"ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఇంతసేపూ ఏం చేస్తాండావు, పూజా? కటర్ ఎందుకిచ్చినారే నీకు, మెళ్లో ఏసుకోనీకా?"

మింగానేమో అన్నాను.

"మింగింటే మంచిదే, నీ కడుపు సూసుకుంటాది. మింగకుంటే?"

అక్క డబ్బా మూత కూడా తీయకుండా లోపలికి వెళ్లిపోయింది. నా కట్ట ఇంకా ఆమె బల్ల మీదనే ఉందని, ఇస్త్రీకి వెళ్లలేదని వెనకే వెళ్లి చూస్తే తెలిసింది.

మధ్యాహ్నం నా మిషను దగ్గరి నుంచి తల తిప్పినప్పుడల్లా ఆమె చేతులు కనిపించాయి. ఒక్కొక్క గౌను మెడ పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చుట్టూ జరిపేది. తరువాత దాన్నే కింది పెదవికి ఆనించి మళ్లీ చుట్టూ జరిపేది. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుందని పిల్లలను పెంచిన ఆడవాళ్లందరికీ తెలుసు. సూపర్‌వైజరు కన్నడ మనిషి, చెడ్డవాడు కాదు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. అతను వచ్చి, "ఏనమ్మా, ఒందొందు పీసిగూ ముత్తు కొడ్తా ఇద్దీరా?" అన్నాడు. ఒక్కొక్క గౌనుకూ ముద్దు పెడుతున్నావా అని. చుట్టుపక్కల అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, "మన పిల్లలకైతే పెట్టమా సార్," అంది. నేను నవ్వబోయి పన్ను గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇరవై చూసింది. దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదు, పలుచని ముక్క మడతలో అడ్డంగా పడుకుని ఉంటే పెదవికి కూడా తెలియదు. పట్టీలన్నీ విప్పి చూడాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే నేను గేటు బయట ఉంటాను. నాలుగింటికి పెట్టెలు మూసి లారీ ఎక్కిస్తారు.

మూడున్నరకు అక్క మూలన పాడైన మిషను దగ్గరికి వెళ్లి రావడం చూశాను. ఆ మిషను కింది పళ్లెంలో ఇనుప పొడి కలిసి నల్లబడ్డ పాత నూనె ఉండేది. మామూలు నూనె మరకలైతే మందు కొట్టి తీసేసేవారు, ఆ నల్ల నూనె మాత్రం దేనికీ లొంగేది కాదు. అక్క బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ చూడని అదను చూసి, ఒక్కొక్క గౌను రొమ్ము మీద వేలితో నల్లగా రాసింది. ఇరవై గౌన్లకూ రాసింది. తరువాత సూపర్‌వైజరును తనే పిలిచింది. నా చేతికి నూనె అంటుకున్నది చూసుకోలేదు సార్, మొత్తం కట్ట పాడు చేసినాను, అని చెప్పడం నా చెవిన పడింది. అతని ముఖం ఎర్రబడింది. ఒకటి రెండు గౌన్లు పాడైతే అతనే సర్దుకునేవాడేమో, చూసి పంపవలసిన మనిషే ఇరవై పాడు చేసిందంటే పైకి చెప్పక తప్పదు. ఇరవై గౌన్లనూ పక్కన పనికిరాని వాటి గుట్టలో పడేశారు. లారీ అవి లేకుండానే వెళ్లింది.

ఆ ఉగాదికి సూపర్‌వైజరు పని ఇంకో వరస ఆమెకు ఇచ్చారు. అక్క గంజి పెట్టడం మానేసింది. ఈ రెండింటి గురించీ మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇక్కడితో భయం పోయి ఉండవలసింది. నిజంగానే కొన్నాళ్లు పోయింది. పనికిరాని బట్టలు ఏమవుతాయని మేము ఆలోచించలేదు, చింపేస్తారనో కాల్చేస్తారనో అనుకున్నాము. నెల తరువాత ఒక ఆదివారం పొద్దున అక్కా నేనూ కూరలకని మార్కెట్‌లోకి దిగితే, పేవ్‌మెంటు మీద పట్టా పరిచి పోసిన చంటిపిల్లల బట్టల గుట్టలో తెల్లటి గౌన్లు కనిపించాయి. రొమ్ము మీద ఒక్కొక్కదానికి ఎర్ర గుడ్డతో చేసిన పువ్వు కుట్టి ఉంది. అక్క ఒకదాన్ని తీసి పువ్వు అంచు పైకెత్తింది. కింద నల్ల మరక. నేను మెడ చూశాను. పట్టీ మొదలుపెట్టిన చోట కుట్టు మీద కుట్టు ఎక్కించే నా అలవాటు, ఎడమ భుజం దగ్గర, అలాగే ఉంది. ఎవరి కుట్టు వారికి తెలుస్తుంది.

అక్క ముఖం అలా పాలిపోవడం నేను ఆ ఒక్కసారే చూశాను. ఊరు పేరు తెలియని పిల్లకు తగలకూడదని చేసిన పని, మా వీధిలోని పిల్లల మెడకే వచ్చింది. ఇద్దరం అక్కడే కూర్చుని గుట్టంతా తోడి ఆ గౌన్లు వేరు చేస్తూ పట్టీలు తడమడం మొదలుపెట్టాము.

అమ్మేవాడు ఎప్పుడో వచ్చి అక్కడ స్థిరపడ్డ తెలుగువాడు. కాసేపు చూసి, "పిసికింది చాలు తల్లీ, అది సంగటి ముద్ద కాదు," అన్నాడు. "కొంటారా, ఊరికే సూడనీకి వచ్చినారా?"

అన్నీ కొంటామని అక్క చెప్పింది. పదమూడు దొరికాయి. పద్నాలుగోది, పక్కన నిలబడ్డ ఒకామె చేతిలో ఉంది. కట్టడాల పనికి వచ్చిన మనిషి, చేతుల మీద సిమెంటు తెల్లగా ఎండి ఉంది, చంకలో నాలుగైదు నెలల పిల్ల. ఒకసారి ఇవ్వమ్మా, చూసి ఇస్తానని అక్క చెయ్యి చాచింది.

"ఏం, నేను పట్టుకున్నాకనే బాగైందా నీ కండ్లకు? అన్నీ మూట కడ్తివి, అవి సాలలేదా?"

"కాదమ్మా. మెడ పట్టీలో ఏదో గట్టిది ఉండొచ్చు. పాపకు గుచ్చుకుంటాది."

"నీకెట్ల తెలుసు?"

అక్క నా వైపు చూడలేదు. "నేనే కుట్టినాను," అంది.

ఆమె ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "కుట్టినప్పుడు నిద్రపోతాంటివా?" అని, పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, గౌను మెడను నోటికి ఎత్తి పట్టీ కుట్టును పంటితో పట్టి ఒక్క లాగు లాగింది. దారం సర్రున వచ్చేసింది. పట్టీ విప్పి, వెలుతురుకు పెట్టి చూసి, రెండుసార్లు దులిపింది. "ఏమీ లేదు. నేను కుట్టుకుంటాలే," అని, పట్టీ వేలాడుతున్న గౌనును భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆమె పళ్లు ఎంత బాగున్నాయో అని నేను అనుకున్నాను. అటువంటి సమయంలో అటువంటి ఆలోచన వచ్చినందుకు తరువాత సిగ్గుపడ్డాను.

మిగతా పదమూడు గదికి తెచ్చి, చాప మీద కూర్చుని బ్లేడుతో పట్టీలు విప్పాము. సాయంత్రం దాకా పట్టింది. ఏ మడతలోనూ ఏమీ లేదు. పద్నాలుగు పోగా ఆరు. వాటిని ముందు రోజుల్లోనే ఎవరెవరో కొనుక్కుపోయారు. మరుసటి రెండు మూడు ఆదివారాలు మార్కెట్‌లోనూ బస్సు స్టాపుల్లోనూ చంటిపిల్లను ఎత్తుకున్న ప్రతి ఆడమనిషి వైపూ చూశాము, ఎర్ర పువ్వు కనిపిస్తుందేమోనని. కనిపించలేదు.

నా పంటి సంగతికి వస్తే, ఏడాది పాటు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడాను. చల్లని నీళ్లు కుడి దవడ వైపు పోసుకుని తాగేదాన్ని. అప్పటి ఫొటోల్లో అందరూ నవ్వుతుంటే నేను పెదవులు బిగించుకుని ఉంటాను, పొగరుమోతుదనుకునేవారు. చివరికి అక్కే ఒక పళ్ల కాలేజీకి తీసుకుపోయింది. చదువుకునే పిల్లలు గుంపుగా నా నోట్లోకి తొంగి చూసి, ఎలా విరిగిందని అడిగితే, నేను నోరు తెరుచుకుని ఉన్నాను కనుక అక్కే జవాబు చెప్పింది, బస్సు మెట్టు మీద పడిందని. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, చెప్పేటప్పుడు పైట కొంగు సర్దుకుంటుంది. ఆ రోజూ సర్దుకుంది. తొడుగు పెట్టాక అద్దంలో చూసుకుని నేను ఏడిస్తే, సంతోషమనుకున్నారు వాళ్లు.

తరువాత నాకు పెళ్లైంది, ఫ్యాక్టరీ మానేశాను, కాలం గడిచింది. అక్క ఆ బల్ల దగ్గరే, ఆ లైటు కిందనే, కళ్లు మసకబారేదాకా చేసింది. ఇప్పుడు దారాన్ని మిషనే తెంపుతుందట, కొరికే అవసరం ఎవరికీ లేదు. మా మనవరాలికి బట్టలు అట్టపెట్టెలో వస్తాయి, పెట్టె విప్పడం తొడగడం ఒకేసారి జరిగిపోతుంది. తిరగేసి చూడమని నేను చెబితే నా కూతురు నవ్వుతుంది. ఆమె తప్పు లేదు. కొన్న వస్తువును నమ్మడం వాళ్లకు వచ్చు, మాకు రాలేదు.

ఆ ఆరు గౌన్లు వేసుకున్న పిల్లలకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటుంది. నేను మింగి ఉంటే ఏ గొడవా లేదు. మింగకపోతే వారిలో ఒకరికి మెడ దగ్గర గుచ్చుకుని ఉంటుంది, తల్లి ఆకలనుకుని పాలు పట్టి ఉంటుంది, పిల్ల తాగక ఏడ్చి ఉంటుంది. ఈ తలపు ఏడాదికి ఏ రెండు మూడుసార్లో వచ్చేది, వచ్చినప్పుడల్లా అక్కను అడిగేదాన్ని, ఏమై ఉంటుందక్కా అని. పెళ్లిళ్లలో అడిగాను, ఫోన్‌లో అడిగాను, ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని కూడా, ఇంత స్వార్థం ఉండకూడదని తెలిసీ, అడిగాను. ప్రతిసారీ ఒకే జవాబు, విసుక్కోకుండా: "గుచ్చుకుంటే ఏడుస్తాది. ఏడిస్తే విప్పుతారు. విప్పితే రాలిపోతాది. అంతేనే." ఆ మాట వినగానే నా మనసు సర్దుకునేది.

ఈ రెండు నెలల్లో నాలుగుసార్లు ఆ మాటలు నాకు నేను చెప్పుకున్నాను. అవే మాటలు, అదే వరసలో. ఏడిస్తే విప్పుతారు అన్న దగ్గరికి వచ్చేసరికి, విప్పకపోతే, అని నేనే అడుగుతున్నాను. అక్కను నేను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.